శాలువాలు పది దాటాక

పటాన్‌చెరులో పాటకచేరి పెట్టేవాళ్ళు ముందు చూసుకోవాల్సింది గాయకుల డేట్లు కాదు, ఫ్యాక్టరీల షిఫ్టులు. ఇస్నాపూర్, పాశమైలారం, బొల్లారం వైపు జనరల్ షిఫ్టు వాళ్ళు కంపెనీ బస్సు దిగి, స్నానం చేసి, పిల్లల్ని వెంటేసుకుని మైదానానికి వచ్చేసరికి ఏడున్నర అవుతుంది. రాత్రి పదికి మైకు ఆపాలి. 2000లో వచ్చిన శబ్ద కాలుష్య నిబంధనలు చెప్పేది అదే. పండుగలకు అర్ధరాత్రి దాకా సడలించవచ్చు గానీ ఏడాదికి 15 రోజులు మించకూడదు. మామూలు రోజున చేతికొచ్చేవి రెండున్నర గంటలు. రెండో షిఫ్టు వాళ్ళ సంగతి చెప్పనే అక్కర్లేదు, వాళ్ళు గేటు దాటేసరికి బాక్సులు విప్పుతుంటారు.

ఈ రెండున్నర గంటల్లో పాటకు దక్కేదెంత అన్నదే నా గొడవ.

ఆ మధ్య ఒక వెంచర్ వాళ్ళు పెట్టిన 'లైవ్' మ్యూజికల్ నైట్‌కు పోయాం. ఎల్‌ఈడీ తెరలు, పొగ, రంగుల లైట్లు. ఎనిమిదింటికి దీపం వెలిగించారు. ఆ తర్వాత సన్మానాలు, వాటి వెనకే ప్లాట్ల ధరలు. తొమ్మిది దాటాక గాయని వచ్చింది. రెండో చరణంలో హుషారుగా మైకు జనం వైపు తిప్పింది. ఆమె గొంతు మాత్రం బాక్సుల్లోంచి వస్తూనే ఉంది. "గిదేందన్నా, మైకు మన దిక్కున్నది, పాట ఆమెది ఇనబడ్తున్నది!" అని వెనక సీటు కుర్రాడు పగలబడి నవ్వాడు. ముందే రికార్డు చేసిన ట్రాక్ మరి. ట్రాక్ పెడితే శ్రుతి తప్పదు, తాళం తప్పదు, నిర్వాహకులకు ఆర్కెస్ట్రా ఖర్చు తప్పుతుంది. గాయనిని ఏమీ అనను. టికెట్టు మీద 'లైవ్' అని అచ్చువేసిన వాళ్ళనే అంటాను.

అసలు లైవ్ అంటే నాకు గుర్తొచ్చేది ధూంధాం. 2002లో కామారెడ్డిలో మొదలైన ఈ తెలంగాణ ఉద్యమ ఆటపాట, 2011 సకల జనుల సమ్మె నాటికి మా వైపు రోడ్ల మీదికే వచ్చేసింది. సంగారెడ్డిలో ఒక సాయంత్రం వేదికంటే లారీయే. ముసురు పట్టింది. గాయకుడు మైకు పట్టుకుని బాక్సుల ముందుకొచ్చిన ప్రతిసారీ అది కుయ్యిమని కూసేది. బాక్సులోంచి వచ్చిన చప్పుడే తిరిగి మైకులో పడితే అంతే. ఆపరేటర్ మీటలు తిప్పుతూనే ఉన్నాడు. చివరికి గాయకుడు మైకు పక్కన పెట్టి కిందికి దూకాడు. డప్పుల వాళ్ళు అప్పటికే గడ్డిమంట వేసుకున్నారు. చెమ్మకు సాగిన తోలు సెగకు బిగిస్తే గానీ దరువు పలకదు. కాగిన డప్పుల మధ్య నిలబడి, బొంగురుపోయిన గొంతుతోనే అందుకున్నాడు. పల్లవి రెండు తిప్పులు తిరిగేసరికి ముందున్న వాళ్ళకు వచ్చేసింది, వాళ్ళ నుంచి వెనక్కి పాకింది. నడుమ చరణం మరిచిపోతే ఒక పెద్దమ్మ అందించింది. శ్రుతి మాట అడగకండి. నేను విన్న కచేరీల్లో దానికి సాటి వచ్చేది మరొకటి లేదు.

మన తూప్రాన్ గద్దర్ దగ్గరా అప్పటికప్పుడు పుట్టే ఆ తీరే చూశాం. గొంగడి, గజ్జెలు, చేతిలో కర్ర. పాట నడుమ ఆగి మాట్లాడేవాడు. ఆ మాట ఏ క్షణాన మళ్ళీ పాటలోకి దిగుతుందో పక్కనున్న డోలు వాయించేవాడు కనిపెట్టుకుని ఉండాలి. ట్రాక్ మీద అది సాగదు. (మాటే మరీ పొడుగైందని నాకు విసుగొచ్చిన సాయంత్రాలూ ఉన్నాయనుకోండి.) 2023 ఆగస్టులో ఆయన పోయాక ఆ పాటలు పాడేవాళ్ళకు కొదవలేదు. అలా ఆగడం ధైర్యం. అది తక్కువ మందికే వచ్చింది.

పది గంటల నిబంధన మీద నాకు ఫిర్యాదు లేదు. పొద్దున ఆరింటికి డ్యూటీ ఎక్కేవాడికి నిద్ర కావాలి. ఎటూ వినాయక చవితి చందాలు మొదలవుతాయి కాబట్టి కమిటీల వాళ్ళకు ఒక్క మనవి. ఏడున్నరకు మొదటి పాట ఎత్తుకోండి. దీపం, ఉపన్యాసాలు, శాలువాలు అన్నీ పది దాటాక పెట్టుకోండి. వాటికి మైకు అక్కర్లేదు, జనం కూడా అక్కర్లేదు.