సర్కారు రాగి డబ్బులు నాలుగు

నాణేలు పోగేసేవాళ్ళలో వెండి వాళ్ళకున్న పేరు రాగి వాళ్ళకు లేదు. విక్టోరియా రూపాయి అంటే అందరూ మెడలు చాచి చూస్తారు, రాగి బిళ్ళ అంటే పక్కకు నెట్టేస్తారు. నేను రాగి పక్షం. అందులోనూ మన ఉత్తర సర్కారుల రాగి పక్షం. 1794లో ఒకసారి, 1797లో ఒకసారి ఈస్టిండియా కంపెనీ ఈ కోస్తా జిల్లాల్లో చెలామణీ కోసం ఇంగ్లండులో కొట్టించి ఓడలకెక్కించిన డబ్బులున్నాయి. రూపాయికి 48 వచ్చే పెద్దది, 96 వచ్చే చిన్నది. రెండు సంవత్సరాలు, రెండు సైజులు, వెరసి నాలుగు నాణేలు. ఈ నాలుగింటినీ మంచి గ్రేడులో, సీలు వేసిన పెట్టెల్లో వరసగా నిలబెట్టినవాడికి నేను దండం పెడతాను. వెండి రూపాయల వరస మొత్తం పూర్తిచేసినవాడి కంటే ఇతనే గట్టివాడని నా నమ్మకం.

చరిత్ర రెండు ముక్కల్లో చెప్పేస్తాను. 1759లో బందరు కోట ఫ్రెంచివాళ్ళ చేయి జారింది. 1765లో ఢిల్లీ పాదుషా ఫర్మానా వచ్చింది, మరుసటి ఏడు నిజాముతో సంధి కుదిరింది. మైలవరం ఉన్న కొండపల్లి సర్కారు అలా కంపెనీ కిందికి వచ్చింది. అప్పటిదాకా చేతులు మారిన రాగి డబ్బులు సుత్తి దెబ్బతో కొట్టినవి. దళసరిగా, వంకరటింకరగా, అచ్చు సగం పడీ సగం పడకా ఉండేవి. కంపెనీ పోయి బర్మింగ్‌హాం పక్కన సోహోలో మాథ్యూ బౌల్టన్ తలుపు తట్టింది. ఆవిరి యంత్రంతో నాణేలు కొట్టడంలో అతన్ని మించిన మొనగాడు ఆ రోజుల్లో లేడు. వేల నాణేలు, అన్నీ ఒకే గుండ్రం, ఒకే మందం, అచ్చు ఎక్కడా జారదు. 1797లో ఇంగ్లండు ప్రజలకు పెద్ద రాగి పెన్నీలు కొట్టిచ్చిందీ ఆ సోహోయే. అంటే మన సర్కారుల రైతు చేతికి ఆవిరి యంత్రపు నాణెం లండన్ కూలీ కంటే మూడేళ్ళు ముందే అందింది. ఈ సంగతి తలుచుకున్నప్పుడల్లా నాకు గర్వంగా ఉంటుంది.

నాణెం ఒకవైపు కంపెనీ చిహ్నం: డాలుకు అటూ ఇటూ జెండాలు పట్టిన రెండు సింహాలు, చుట్టూ లాటిన్ అక్షరాలు. రెండోవైపు సరుకు బేళ్ళమీద వేసే కంపెనీ ముద్ర, సంవత్సరం, రూపాయికి ఎన్ని అన్న లెక్క. సింహాల తలలు, డాలు నడిమి భాగం అన్నిటికంటే ఎత్తున ఉంటాయి కాబట్టి ముందు అరిగేవి అవే. చూపు మొదట అక్కడికే పోవాలి.

గ్రేడింగ్ మనకు కొత్త గానీ లోకానికి పాతదే. అమెరికా రాగి సెంట్ల కోసం విలియం షెల్డన్ 1949లో 1 నుంచి 70 దాకా ఒక కొలత పెట్టాడు. 60, ఆ పైన వచ్చిందంటే నాణెం చెలామణీలోకి పోలేదని అర్థం. 1986లో పీసీజీఎస్, 1987లో ఎన్‌జీసీ అనే అమెరికా గ్రేడింగ్ కంపెనీలు ఆ కొలత పట్టుకుని దుకాణాలు తెరిచాయి. నాణేన్ని వాళ్ళ నిపుణులు ఒకరికి ఇద్దరు చూసి అంకె వేస్తారు, ప్లాస్టిక్ పెట్టెలో పెట్టి అతికించేస్తారు. రాగికి ఇంకో పరీక్ష కూడా ఉంది. టంకశాల ఎరుపు నిలిచిందా, సగం పోయిందా, పూర్తిగా గోధుమరంగు తిరిగిందా అన్నది అంకె పక్కన అక్షరాల్లో రాస్తారు. తోమిన నాణేనికి, గీకిన నాణేనికి అసలు అంకే ఇవ్వరు. ‘డీటెయిల్స్’ అని రాసి పంపేస్తారు. ఆ ఒక్క మాటతో ధర పాతాళానికి పోతుంది.

నున్న మార్కెట్లో బంగినపల్లి రాశి ముందు కూర్చుని కాయ కాయనూ తిప్పి, తొడిమ దగ్గర సొన మరక ఉందా, బుగ్గన దెబ్బ ఉందా చూసి నిమిషంలో గుట్టలు వేరుచేసే చేతులు మనకున్నాయి. నాణేల గ్రేడింగూ అదే విద్య. మైలవరంలో నాకు బాబాయి వరసయ్యే ఒక మామిడి వ్యాపారి ఈ సర్కారు డబ్బుల వేటలో ఉన్నాడు. కాపు డబ్బు చేతికొచ్చిన ఏడాది కొంటాడు, పూత రాలిపోయిన ఏడాది పుస్తకాలు చదువుతాడు. ఆయన నాణెం చూసే తీరు చూసి తీరాలి. కింద మెత్తటి గుడ్డ పరుస్తాడు, జారినా దెబ్బ తగలకుండా. వేళ్ళు అంచుకు తప్ప మొహానికి తగలనివ్వడు. కిటికీ వెలుగులో కొద్దికొద్దిగా వంచుతాడు. వెలుగు నాణెం మీద తిరుగుతూ పోయిందా సరే, ఒకచోట సన్నటి గీతలు మెరిశాయా, వెంటనే పక్కన పెట్టేస్తాడు. “రంగు ఒకేలా ఉందో లేదో చూడరా అబ్బాయ్. నడుమ ఒక రంగూ, అక్షరాల సందుల్లో ఇంకో రంగూ ఉందంటే ఎవడో తోమాడన్నమాటే” అంటాడు. అమెరికాలో కూర్చుని అంకెలు వేసేవాళ్ళు చూసేదీ సరిగ్గా ఇదే.

ఇక ఖర్చు. గ్రేడింగ్ రుసుము, రానూపోనూ కొరియరు, బీమా, మధ్యవర్తి కమీషన్ కలిపితే మామూలు జార్జి రూపాయిలో ఉన్న వెండి విలువను అవే తినేస్తాయి. ఆ రూపాయి మొత్తం తులం, అంటే 11.66 గ్రాములే కదా. అందుకే ఎక్కువ అంకె వస్తుందన్న గట్టి నమ్మకం ఉంటే తప్ప ఎవరూ పంపరు. 63కూ 65కూ మధ్య మామూలు కంటికి తేడా తెలియదు, ధరలో మాత్రం కొన్ని రెట్లు తేడా వస్తుంది.

సర్కారు రాగికి ఇంకో అడ్డుగోడ ఉంది. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్ళు నిండిన నాణెం పురావస్తువే. దాన్ని మామూలు మనిషి దేశం దాటించడానికి వీల్లేదు. చట్టం మంచిదే, అది లేకపోతే ఈపాటికి అంతా ఊడ్చుకుపోయేవాళ్ళు. కానీ ఫలితం చూడండి. మైలవరంలో దొరికిన 1794 డబ్బును ఆ అమెరికా కంపెనీలకు పంపలేం. గ్రేడు అయిన నాణెం కావాలంటే చాలావరకు విదేశీ వేలంలోనే పాడుకోవాలి. పాట ధర మీద కొనుగోలుదారు రుసుము, ఆ పైన కొరియరు, కస్టమ్సు. మన సంతలో తిరగాల్సిన డబ్బును డాలర్లు పోసి తిరిగి తెచ్చుకోవాలి.

పైగా మచ్చలేని నాణేలు ఉన్నది అక్కడే. ఇక్కడికి వచ్చినవి ఉప్పు కొనడానికీ కూలికీ చేతులు మారి మారి అరిగిపోయాయి, సింహాలకు తలలు లేవు. సోహోవాళ్ళు శ్రద్ధగా కొట్టి దొరలకు కానుకలిచ్చిన నమూనాలు, బంగారు పూత వేసినవి కూడా, బీరువాల్లో భద్రంగా ఉండిపోయాయి. సోహోలోనే కొట్టిన మద్రాసు 1808 రాగి కాసుల కథ ఇంకా చిత్రం. వాటిని తెస్తున్న అడ్మిరల్ గార్డ్‌నర్ అనే ఓడ 1809 జనవరిలో ఇంగ్లండు తీరంలో గుడ్‌విన్ ఇసుకదిబ్బలకు కొట్టుకుని మునిగింది. 1980లలో పైకి తీసిన ఆ కాసులు నేడు గ్రేడింగ్ పెట్టెల్లో విరివిగా దొరుకుతున్నాయి. చేరాల్సిన తీరానికి చేరిన నాణేలే దొరకడం లేదు.

నాణేలు చదివే ఈ విద్యలో మహానుభావులున్నారు. ఉత్తర సర్కారుల కమీషనరుగా పనిచేసిన సర్ వాల్టర్ ఇలియట్ దక్షిణ భారత నాణేల మీద గ్రంథం పూర్తిచేసేనాటికి చూపు దాదాపు పోయింది. కంపెనీ నాణేలకు ప్రిడ్‌మోర్ వేసిన పట్టిక 1975లో వచ్చింది, ఈనాటికీ వేలం కేటలాగులు ఆయన అంకెలే వాడతాయి. మనవాళ్ళలో పి.వి. పరబ్రహ్మశాస్త్రిగారు కోటిలింగాల నాణేల మీద చిముక శాతవాహనుడి పేరు చదివి శాతవాహనుల చరిత్రనే గోదావరి ఒడ్డుకు లాక్కొచ్చారు. న్యూరోసర్జన్ దేమె రాజారెడ్డిగారు ఆపరేషన్ల మధ్య తీరిక చేసుకుని నాణేల మీద పుస్తకాలు రాశారు. అమెరికాలో లూయీ ఎలియాస్‌బర్గ్ 1950లో తన దేశపు నాణేల వరస పూర్తిచేస్తే అక్కడి పత్రికలు ఆకాశానికెత్తాయి. మన రాజారెడ్డిగారి గురించి తెలుగు పిల్లల్లో ఎంతమందికి తెలుసు?

అసలు కడుపుమంట ఇప్పుడు చెబుతాను. ఒకవైపు ఆంజనేయుడు, రెండోవైపు కంపెనీ పేరు, 1818 సంవత్సరం ఉన్న బిళ్ళలు తీర్థాల్లో, బస్టాండ్లలో అమ్ముతున్నారు. కంపెనీ ఏ టంకశాలలోనూ అలాంటి నాణెం కొట్టలేదు. ఆ బిళ్ళకే రైస్ పుల్లర్ అని పేరుపెట్టి, బియ్యాన్ని లాగుతుంది, ఇరిడియం ఉంది, కోట్లు పలుకుతుంది అంటూ పొలాలు తాకట్టు పెట్టిస్తున్నారు. పోలీసు కేసులు ఎన్ని అయినా బుద్ధి రావడం లేదు. గ్రేడింగ్ పెట్టెలకు కూడా నకళ్ళు వచ్చేశాయి, పెట్టె దొంగది, లోపలి నాణెమూ దొంగదే. ఇవన్నీ చూసిన మామూలు మనిషి నాణేలంటేనే మోసం అనుకుంటున్నాడు. దీనికంటే అన్యాయం ఇంకేముంది?

ఇంట్లో జరిగే నష్టం ఇంకా ఎక్కువ. కాసులపేరుకు కొక్కెం అతికించిన నాణెం, తండాల్లో రవికెకు కుట్టుకోవడానికి బెజ్జం వేసిన రూపాయి, వీటిమీద నాకు కోపం లేదు, అవి మనుషుల ఒంటిమీద బతికాయి. కానీ పండక్కి చింతపండు పెట్టి, బ్రాస్సో పెట్టి తళతళలాడేలా తోమేవాళ్ళను చూస్తే ఒళ్ళు మండుతుంది. రెండు వందల ఏళ్ళు పట్టి తిరిగిన ఆ గోధుమరంగు పది నిమిషాల్లో పోతుంది, మళ్ళీ ఎన్నటికీ రాదు. తూకానికి కంసాలికిచ్చి కరిగించేవాళ్ళ గురించి మాట్లాడటానికే నాకు నోరు రావడం లేదు.

మన దేశం దాటకుండానే పాత నాణేలకు నమ్మకమైన గ్రేడు ఇచ్చే వ్యవస్థను ప్రభుత్వమే నిలబెట్టాలి. పురావస్తు శాఖ దగ్గర నాణేలున్నాయి, చదవగల పండితులున్నారు, లేనిదల్లా పూనిక. అందాకా మైలవరం, నూజివీడు, తిరువూరు వైపు ఇళ్ళలో పాత ట్రంకుపెట్టె తెరిచినప్పుడు రెండు సింహాలున్న రాగి బిళ్ళ కనబడితే తోమకండి, అమ్మకానికి తొందరపడకండి. అంచులు పట్టుకుని కాగితం పొట్లంలో పెట్టి, బెజవాడ బాపూ మ్యూజియంలోనో తెలిసిన సేకర్త దగ్గరో చూపించండి. దానిమీద 96 అంకె, 1794 సంవత్సరం ఉన్నాయంటే మా బాబాయి మామిడి కోతలు ఆపుకుని మరీ వస్తాడు.