వీసం తేడా: బొంత కుట్టడంలో కచ్చితం, ఆనందం

ఈ పుటలలో నేను సాధారణంగా పుస్తకాలను గూర్చి వ్రాస్తుంటాను. ఈసారి గుడ్డలను గూర్చి వ్రాస్తున్నాను, మన్నించాలి.

మా అబ్బాయి ఖతార్ దేశంలో దోహా నగరంలో ఉద్యోగం చేస్తున్నాడు. బడి సెలవులలో మన మారిషస్ నుండి అక్కడికి వెళ్ళి నెల రోజులు ఉన్నాను. పుట్టబోయే బిడ్డకోసం మా కోడలు ఒక బొంత కుడుతోంది. పుస్తకం చూసి నేర్చుకున్న పని. ప్రతి ముక్కకు పావు అంగుళం అంచు వదలాలి, నాలుగు మూలలు ఒక్కచోట కలవాలి అని అందులో ఉంది. ఒకే గడిని ఆమె నాలుగుసార్లు విప్పి కుట్టింది. ఐదవసారి నేను ప్రక్కన కూర్చుని, "అమ్మాయీ, ఈ మూల ఇంకా కొంచెం తప్పింది" అన్నాను. ఆమె ఏమీ అనలేదు. ముక్కలన్నీ సంచిలో వేసి, సంచిని బీరువాలో పెట్టేసింది. ముప్పై ఏళ్ళుగా ఎర్ర పెన్సిలు పట్టిన నా చేతికి అప్పుడు సిగ్గు వేసింది.

ఆ వారమే ఖతార్ జాతీయ మ్యూజియం చూడడానికి వెళ్ళాము. 2019లో తెరచిన భవనం అది. అక్కడ బరోడా ముత్యాల తివాచీ ఉంది. బరోడా మహారాజు ఖండేరావ్ గైక్వాడ్ 1865 ప్రాంతంలో దానిని చేయించాడు. పట్టు, జింక చర్మం మీద సుమారు పదిహేను లక్షల చిన్న ముత్యాలు కుట్టి, నడుమ వజ్రాలు, కెంపులు, నీలాలు, పచ్చలు పొదిగారు. 2009లో దోహాలోనే వేలం వేస్తే 50 లక్షల డాలర్లకు పైగా పలికింది.

పనితనం చూసి చేతులెత్తి నమస్కరించాను. లతల వంపులలో ఎక్కడా తడబాటు కనబడలేదు. అయినా దాని ముందు నా మనసు బరువెక్కింది. చేయించిన రాజు పేరు లోకమంతా ఎరుగును. కుట్టిన చేతుల పేర్లు నాకెక్కడా కనబడలేదు. ఆ ముత్యాలు ఈ గల్ఫు సముద్రంలోనివే. కాలికి రాయి కట్టుకొని నీటిలో దిగినవారిలో చాలామంది ముందుగా సొమ్ము తీసుకొని, అప్పు తీరక మళ్ళీ మళ్ళీ దిగినవారు. 1834 నుండి ఒప్పంద కూలీలు దిగిన దీవి వాళ్ళము మనము; అటువంటి లెక్కల పుస్తకాలు మనకు కొత్త కాదు. ఆజ్ఞకు లోబడిన కచ్చితం అందంగా ఉండవచ్చును. కాని కుట్టినవారు ఏ రేకు దగ్గర సంతోషించారో అది చెప్పదు.

దీని ప్రక్కన మరొక పనిని పెట్టి చూడండి. అమెరికాలో అలబామా రాష్ట్రంలో గీస్ బెండ్ అనే ఊరుంది. అక్కడివారు ప్రత్తి తోటల బానిసల సంతతి. ఆ స్త్రీలు కుట్టిన బొంతలను 2002లో హ్యూస్టన్ లలితకళల మ్యూజియం గోడలకెక్కించింది. 2006లో అక్కడి ప్రభుత్వం వాటి బొమ్మలతో తపాలా బిళ్ళలు వేసింది. మిస్సూరి పెట్వే అనే ఆమె 1942లో, చనిపోయిన భర్త పనిబట్టలు కోసి ఒక బొంత కుట్టింది. నేను దాని చిత్రం మాత్రమే చూశాను. పట్టీలు ఒకదానికొకటి సమంగా లేవు, గీతలు ప్రక్కకు వాలుతాయి. దానిని తప్పుగా ఎంచేవాడికి కళ్ళున్నాయిగాని చూపు లేదు.

అయితే "సంతోషం ఉంటే చాలు, కొలత ఎందుకు?" అనేవారితో కూడ నేను ఏకీభవించను. చిన్న లెక్క చేద్దాం. ప్రతి కుట్టులో అంచు వీసం అంగుళం, అనగా పదహారవ వంతు, ఎక్కువ పోయిందనుకోండి. కుట్టుకు రెండు ప్రక్కలా గుడ్డ ఉంటుంది గనుక పరక అంగుళం పోతుంది. వరుసలో తొమ్మిది ముక్కలుంటే ఎనిమిది కుట్లు; మొత్తం ఒక అంగుళం తరుగు. ప్రక్క వరుసలో ఐదు ముక్కలే ఉంటే తరుగు అర అంగుళమే. ఈ రెండింటిని కలిపితే ముడత తప్పదు. కాని అన్ని వరుసలలో ముక్కలు సమానమై, తప్పు కూడ సమానమైతే బొంత కాస్త చిన్నదవుతుంది, అంతే. కనుక కొలబద్దకంటే చేతి నిలకడ ముఖ్యం. అంచు మరీ సన్నగా వదిలితే మాత్రం ఉతికినప్పుడు పోగులు ఊడి కుట్టు విడిపోతుంది. ఏటవాలుగా కత్తిరించిన ముక్క పడుగు పేకల బిగువు లేక సాగిపోతుంది. ఇటువంటి చోట్ల కచ్చితం తప్పనిసరి. మూల వీసమంత తప్పితే కంటికి తెలుస్తుందేమో, బొంతకు తెలియదు.

మా నాయనమ్మకు ఈ తేడా తెలుసు. చెరకు తోటలో పని ముగించి వచ్చి, పాత చీరలు, గోనె ముక్కలు కలిపి కుట్టేది. రంగుల విషయంలో ఆమెకు ఏ నియమమూ లేదు. కుట్లు మాత్రం దగ్గర దగ్గరగా పడేవి. మేము నలుగురము ఆ బొంత లాగుకొని పోట్లాడినా ఒక్క కుట్టు తెగలేదు.

మన సాయంకాలపు తెలుగు తరగతులకు కూడ ఇదే వర్తిస్తుందని నా నమ్మకం. నేను తెలుగు నేర్చుకున్నది అక్కడే. ఒత్తు పలకలేదని నవ్వితే మరునాటినుండి రాని పిల్లలను చూశాను. ఉపాధ్యాయురాలినయ్యాక నేనే అటువంటి పిల్లలను పోగొట్టుకున్నాను. అర్థం చెడే చోట సరిదిద్దాలి. తక్కినచోట్ల పిల్లవాడిని మాట పూర్తి చేయనివ్వాలి.

బయలుదేరే ముందురోజు ఆ సంచి నేనే అడిగి తీయించాను. నా పాత చీర కొంగునుండి ఒక ముక్క కోసి ఇచ్చాను. కోడలు కుట్టి చూపించింది.

"అత్తయ్యా, ఈ మూల కలవలేదండీ."

"లాగి చూడు, విడిపోతుందా?"

లాగి చూసింది. "లేదండీ."

"అయితే తరువాతి గడి తియ్యమ్మా" అన్నాను.