నడిమి స్తంభము

ఈ వారము మార్కాపురములో ఒక ఇంటర్నెట్ కేంద్రమున, ఉద్యోగపు దరఖాస్తులకు కడపటి దినమగుటచే వీథి అరుగు దాక నిలిచియున్న అభ్యర్థుల నడుమ కూర్చుండి చూచిన యొక చిన్న విషయము నాకు మిక్కిలి సంతోషము కలిగించినది. దాని వెనువెంటనే విన్న యొక మాట మాత్రము మనసులో ములుకువలె మిగిలిపోయినది.

తెల్లవారుజామున కరెంటు పోయి వచ్చిన పిమ్మట అక్కడి కంప్యూటర్లలో ఒకదానియందు ఏ వెబ్‌సైటును తెఱచుకొనుట లేదు. రూటరు దీపములు పచ్చగానే వెలుగుచున్నవి, ప్రక్కనున్న యంత్రములు చక్కగా పనిచేయుచున్నవి. యజమాని తీగ పీకి మరల పెట్టెను, రూటరును ఆపి మరల వేసెను, కంప్యూటరును రీస్టార్ట్ చేసెను, ఫలము కనబడలేదు. అప్పుడక్కడ పనిచేయు అమ్మాయి వచ్చి, తెరమీద మాటిమాటికి వచ్చుచు, ఎవరిచేతను చదువబడకయే మూయబడుచున్న ఆంగ్ల సందేశమును వ్రేలు పెట్టి నిదానముగా చదివినది. గడియారము వెనుకబడి యున్నదని దాని తాత్పర్యము. తెర కుడిమూలను చూడగా అందు 2015వ సంవత్సరము జనవరి 1వ తేదీ యున్నది.

మదర్‌బోర్డు మీద సీఆర్2032 అను గుండ్రని సెల్లు, 20 మిల్లీమీటర్ల వ్యాసమును 3 వోల్టుల విద్యుత్పీడనమును గలది, ఒకటి యుండును. కరెంటు లేని వేళ గడియారమును నడుపునది అదియే. అది నీరసించినచో, కరెంటు పోయినప్పుడెల్ల యంత్రము తనలో ముందే వ్రాయబడియున్న పాత తేదీకి మరలిపోవును. భద్రత గల ప్రతి వెబ్‌సైటును తన గుర్తింపునకై ఒక ధ్రువపత్రమును చూపవలెను. ఆ పత్రమునకు ఆరంభపు తేదీ, ముగింపు తేదీ ఉండును. 2015లో నిలిచిపోయిన యంత్రము దృష్టిలో నేటి పత్రము చెల్లుబాటు ఇంకను మొదలుకాలేదు గనుక బ్రౌజరు దానిని నమ్మదు. తేదీ సరిచేయగనే పేజీ తెఱచుకొన్నది. అంత సూక్ష్మముగా చదివిన ఆ బిడ్డతో, “మొదటే ఇది చదివి ఉంటే రీస్టార్టుల పని తప్పేది గదమ్మా” అంటిని. “రీస్టార్ట్ కొట్టకుండా ఎట్టా మొదలుపెడతాం సార్? సగం కంప్లయింట్లు దానికే పోతాయి” అన్నది.

ఈ శీర్షికను అనుసరించుచున్నవారికి రీస్టార్టు మీద నాకు గల విముఖత తెలియనిది కాదు. రోగి నాడి చూడకమునుపే మందు పోయు వైద్యమది యని పలుమారులు వ్రాసియుంటిని. లోపము తన్ను గూర్చి తాను చెప్పుకొనుచున్న సాక్ష్యమంతయు యంత్రపు తాత్కాలిక స్మృతియందుండగా, దానిని ఒక్క మీటతో తుడిచివేసినచో నేటికి పని జరుగవచ్చును గాని, రేపు అదియే లోపము మరల వచ్చినప్పుడు మనము నిన్నటి అజ్ఞానములోనే నిలిచియుందుము. ఒక పర్యాయమున ఒక్క మార్పే చేయవలెననునది నా రెండవ పట్టుదల. మూడు తీగలను ఒక్కసారి కదిపి బాగుచేసినవాడు దేనిచేత బాగైనదో ఎన్నటికిని ఎఱుగడు.

ఈ పట్టుదలలు నాకు కంప్యూటర్లవలన కలిగినవి కావు. కంభములో మా వీథియందు కాపురమున్న టెలిఫోను లైన్‌మన్ ఒకాయన యుండెడివారు. పిల్లలమందఱమును ఆయనను పెదనాన్న అని పిలిచెడివారము. ఆనాడు తీగలు స్తంభముల మీద పింగాణీ చిప్పలను పట్టుకొని పొలముల వెంబడి సాగిపోయెడివి. గాలివానకు చింతకొమ్మ విఱిగిపడినను, గాలిపటపు దారము చుట్టుకొనినను ఊరికి ఊరు మూగవోయెడిది. కంభమునకును బేస్తవారిపేటకును నడుమ లైను పోయినదని తెలియగనే పెదనాన్న సైకిలెక్కి, ఈ కొననుండి వెదకుకొనుచు పోక, తిన్నగా నడిమి స్తంభమునకు పోయెడివారు. సెలవుదినములలో నేనును వెనుక కూర్చుండి పోయెడివాడను. ఆయన స్తంభమెక్కి, తీగమీది చిలుమును ఉప్పుకాగితముతో గీచి, చేతి టెలిఫోను కొక్కెములను తగిలించి, గాలి చప్పుడు వినబడకుండ ఒక చెవిని అరచేతితో మూసికొని, మొదట ఈ ప్రక్కకు పిలిచెడివారు. జవాబు వచ్చినదా, ఈ సగము నిర్దోషి. ఇక మిగిలిన సగములోని నడిమి స్తంభమునకు సైకిలు. వేయి స్తంభముల దారియైనను ఈ విధముగా పది తడవలు ఎక్కి దిగుటతో లోపము ఏ రెండు స్తంభముల నడుమ నున్నదో తేలిపోవును. ఒక్కొక్కటిగా చూచుచు పోవువాడు వేయింటిని ఎక్కవలసివచ్చును. నిశ్శబ్దమైనచో తెగినదనియు, సుయ్యిమను ధ్వనియైనచో చిప్ప తడిసినదనియు, చిటపటలైనచో ముడి వదులైనదనియు ఆయన పైనుండియే చెప్పెడివారు. “అనుకునేది కాదురా, వినేది” అనెడివారు.

నేటి నెట్‌వర్కునందు ఆ చేతి టెలిఫోనుకు దీటైనది పింగ్ అను చిన్న ఆజ్ఞ. 1983 డిసెంబరులో అమెరికా సైనిక పరిశోధనాశాలలో పనిచేయుచున్న మైక్ మూస్ తన నెట్‌వర్కు వింతగా ప్రవర్తించుచుండగా లోపమెక్కడనో కనుగొనుటకే దానిని వ్రాసెను. మన యింటికి నడిమి స్తంభము రూటరు. దాని చిరునామా సామాన్యముగా 192.168.1.1. అది పలికినదా, లోపము చాలమట్టుకు దాని ఆవల నుండును, 8.8.8.8 వంటి బయటి సంఖ్యను పిలువుడు. సంఖ్య పలికి వెబ్‌సైటు పేరు మాత్రము పలుకకున్నచో, పేర్లను సంఖ్యలుగా మార్చు డీఎన్‌ఎస్ యందు దోషము. రూటరే పలుకకున్నచో ఇంటిలోనే వెదకుడు. యంత్రపు చిరునామా 169.254తో మొదలగుచున్నదా, రూటరు దానికి చిరునామా నొసగలేదని గ్రహింపుడు.

మన మార్కాపురము ప్రాంతమున లోపములకు స్థానిక స్వభావము కూడ కొంత కలదు. పలకల కార్ఖానాల చెంతనున్న దుకాణములలో రాతిపొడి సీపీయూ ఫ్యానులో పేరుకొని, ఎండాకాలమున యంత్రము వేడెక్కి తనంతట తానే ఆగిపోవును. నింద నెట్‌పై పడును. బ్రష్షుతోను బ్లోయరుతోను పోవు దోషమది. ఫైబరు తీగలు కరెంటు స్తంభముల వెంట వచ్చుచున్న ఊళ్ళలో నేటికిని చెట్టుకొమ్మయే శత్రువు. ఫైబరును బిగువుగా మడిచి మేకుకు వ్రేలాడదీసినను అందలి కాంతి మడత వద్ద జారిపోవును, తెగకున్నను తెగినట్లే.

ఇంతవరకు వచ్చి, ఆ అమ్మాయి మాటను ఖండింపవలెనని చూడగా, పెదనాన్న నడిమి స్తంభమే నా వాదమునకు అడ్డము నిలిచినది. యంత్రమునందు స్మృతులు రెండు: కరెంటుతో పోవునది, పోక నిలుచునది. చిక్కుపడిన ప్రోగ్రాము, కాలము చెల్లిన చిరునామా, రూటరులో నిండిపోయిన పట్టికలు మొదటిదానిలో నుండును. డిస్కు మీది లోపము, తప్పు సెట్టింగు, చచ్చిన సెల్లు, తెగిన తీగ రెండవ వైపువి. రీస్టార్టు ఈ రెంటికి నడుమ నాటిన స్తంభము. లోపము పోయినచో మొదటి సగముది; నిలిచినచో రెండవ సగముది; నిమిషములో సగము క్షేత్రము తేలిపోవుచున్నది. “సగం” అని ఆ బిడ్డ పలికిన మాట లైన్‌మన్ లెక్కయే. అదియును గాక, నల్లమల అంచు పల్లెనుండి దరఖాస్తునకై వచ్చి, గిద్దలూరు కడపటి బస్సుకు మరలిపోవలసిన అభ్యర్థి ముందు సాక్ష్యము కాపాడుటకంటె పని జరుగుటయే ధర్మము. కావున రీస్టార్టు మొదట చేయుటకు ఇకమీదట నా యభ్యంతరము లేదు.

అయితే చేయుటకు ముందు తెరమీది సందేశమునకు సెల్‌ఫోనుతో ఒక ఫొటో తీయవలెను. రూటరు దీపముల రంగులకును మరియొకటి. ఎల్‌ఓఎస్ అను దీపము ఎఱ్ఱగా నున్నచో కాంతి ఇంటి దాక చేరుటయే లేదు గనుక ఆ పెట్టెను ఎన్నిమారులు ఆపి వేసినను ప్రయోజనము లేదు, లైన్‌మన్‌ను పిలువుడు. మఱియు విండోస్‌లో షట్‌డౌన్ చేసి మరల వేయుట రీస్టార్టు కాదు. 8వ విండోస్ నుండి వచ్చిన ఫాస్ట్ స్టార్టప్ అను ఏర్పాటు, షట్‌డౌన్ వేళ లోపలి స్థితిలో ముఖ్యభాగమును డిస్కుపై దాచి, మరునాడు దానినే తిరిగి ఎత్తుకొనును. చిక్కు కూడ దానితోనే తిరిగి వచ్చును. మెనూలో రీస్టార్ట్ అని వ్రాసియున్న దానినే నొక్కవలెను.