తళుకూ విలువా: ‘టాడ్రీ’ పదచరిత్ర

ఆంగ్లభాషలో ‘టాడ్రీ’ అనే విశేషణం ఉంది. చవకబారు మెరుపుతో కళ్ళు చెదరగొట్టే, అభిరుచిలేని ఆడంబరాన్ని అది సూచిస్తుంది. అటువంటి మాట ఒక సన్న్యాసిని పేరునుండి పుట్టడం విచిత్రం.

తూర్పు ఆంగ్లియా రాజు ఆనా కుమార్తె ఎథెల్‌డ్రెడా క్రీ.శ. 673లో ఈలీలో మఠం స్థాపించి, 679లో మరణించింది. మెడపై లేచిన గడ్డ, యౌవనంలో హారాలపై పెంచుకున్న మోజుకు శిక్ష అని ఆమె భావించినట్లు చరిత్రకారుడు బీడ్ రాశాడు. జనుల నోట ఆమె పేరు ‘ఆడ్రీ’ అయింది. ఆమె పేరిట జరిగే సంతలో మెడకు కట్టుకునే పట్టు పట్టీలు అమ్మేవారు. ‘సెయింట్ ఆడ్రీ లేస్’లోని టకారం ఆడ్రీకి అంటుకొని ‘టాడ్రీ లేస్’ ఏర్పడింది. షేక్‌స్పియర్ ‘ది వింటర్స్ టేల్’ నాటకంలో అది ఒక పల్లెపడుచు కోరిన కానుక. పదిహేడవ శతాబ్దం ముగిసేనాటికి ఆ మాటకు నిందార్థం స్థిరపడింది. ఒకప్పుడు వాసన మాత్రమే అయిన మన ‘కంపు’ దుర్గంధంగా మారినట్లే ఇదీ అర్థాపకర్ష.

అయితే ఈ పతనంలో ఒక అన్యాయం ఉంది. నాసిరకం సరకును నిందించవలసిన మాట, దానిని ముచ్చటపడి కొన్న పేదరాలి అభిరుచిని నిందించింది.

సూరత్ నగరం ఈ సమస్యకు సజీవ నిదర్శనం. ఆల్థాన్‌కు చేరువలోని ఉధనా, లింబాయత్ ప్రాంతాలలో తెలంగాణనుండి వలసవచ్చిన నేతకుటుంబాలు స్థిరపడ్డాయి. 2010లో భౌగోళిక గుర్తింపు పొందిన సూరత్ జరీ దక్షిణాది పట్టుచీరల అంచులకు చేరుతుంది. అసలు జరీలో పట్టు లేదా నూలు దారానికి వెండితీగ చుట్టి బంగారుపూత పూస్తారు. నకిలీ జరీలో వెండి స్థానంలో రాగి ఉంటుంది. మూడవ రకం లోహపుపూత పూసిన పాలియెస్టర్ పొర. దూరంనుండి మూడూ ఒకే విధంగా మెరుస్తాయి.

తెలుగు ఈ భేదాన్ని మరింత న్యాయంగా పట్టుకుంది. మేలిమిది ‘సరిగ’, పైపూత ‘గిల్టు’, ఉత్తుత్తి మెరుపు ‘కాకిబంగారం’. ఈ మాటలు వస్తువు స్వభావాన్ని చెబుతాయే గాని, ధరించిన మనిషిని కించపరచవు. పాలియెస్టర్ అంచు చీర కట్టుకొని పెళ్ళికి వెళ్ళే కూలితల్లి ఎవరినీ మోసగించడం లేదు. ఆ చీర తన స్తోమతకు తగినదని ఆమెకు తెలుసు. రాగితీగను వెండిగా నమ్మించి పట్టుచీర ధర రాబట్టే వర్తకునిదే మోసం. దానివల్ల కొన్నవారితోపాటు అసలు జరీతో నేసే నేతగాడూ నష్టపోతాడు.

కళావిమర్శకూ ఇదే గీటురాయి కావాలి. మెరుపు దోషం కాదు, చవకదనమూ దోషం కాదు. లేని విలువను ఉన్నట్లు చాటడమే దోషం. ఈ వివేచన కోల్పోయిన విమర్శ అభిరుచి పేరిట పేదరికాన్ని పరిహసిస్తుంది. ఆడ్రీ పట్టీకి జరిగిన అన్యాయం అదే.