ఒక నిమిషము, ఇరువది నిమిషములు

సాగరు ఎడమ కాలువకు నీరు వదలి, మిర్యాలగూడ, కోదాడ మాగాణులలో నాట్లు సాగు దినములందు, పాము కఱచిన కూలి యొకడు ఏ అర్ధరాత్రమో మోటారు సైకిలుపై ఇద్దరి నడుమ వ్రేలాడుచు ఆసుపత్రికి వచ్చుట, ఈ ప్రాంతమున వైద్యము చేసిన మా వంటివారికి చిరపరిచితమైన దృశ్యము. అతని రక్తము రెండు మిల్లీలీటర్లు తీసి, శుభ్రమైన పొడి గాజు గొట్టములో పోసి, ఇరువది నిమిషములు కదల్పక యుంచి, పిమ్మట వంచి చూతుము; గడ్డ కట్టక జారినచో విషము రక్తమున కెక్కినదని గ్రహించి విరుగుడు మందు ఎక్కింతుము. గడ్డ కట్టినంత మాత్రమున గండము గడచినట్లు కాదు. కట్లపాము విషము నరములను పట్టును గనుక, కనురెప్పలు వాలుచున్నవేమో తెల్లవాఱులు కనిపెట్టుచుండవలెను.

కిర్గిజ్‌స్తాన్‌లో వైద్యవిద్య ముగించి వచ్చిన మా పొరుగింటి రైతు కుమారుడు, విదేశములలో వైద్యము చదివినవారు ఇచ్చట నెగ్గవలసిన ఎఫ్.ఎం.జి.ఇ. పరీక్షలో మొదటిమారు తప్పి, నా యొద్దకు వచ్చి, "పెద్దనాయనా, ఆరేండ్లు చదివిన, మళ్ళ ఈ పరీక్షెందుకు?" అని కన్నీరు పెట్టుకొనెను. గాజు గొట్టము సంగతి అడిగితిని. "ఇరవై నిమిషాలు" అని తడుముకొనక చెప్పెను. "ఎన్నడన్న చేత పట్టినవా బిడ్డా?" అంటిని. "లేదు. ఆడ పాముకాటు కేసే చూడలె" అనెను.

2002 నిబంధనలతో వచ్చిన ఈ పరీక్ష క్రూరమైనది కాదు. 150 ప్రశ్నల చొప్పున రెండు భాగములు, ఒక్కొక్క భాగమునకు 150 నిమిషములు. 300 మార్కులకు 150 వచ్చిన చాలును, తప్పు జవాబునకు కోత లేదు. సగము తెలియనివాని చేతికి రోగి నప్పగింపరాదనుట న్యాయమే. అయితే ప్రశ్నకు ఒక నిమిషమిచ్చు పరీక్ష జ్ఞాపకమును కొలువగలదు గాని, ఇరువది నిమిషములు గొట్టమును కనిపెట్టుకొని యుండు ఓర్పును కొలువజాలదు. 2021 నిబంధనలు ఇచ్చట పండ్రెండు నెలల ఇంటర్న్‌షిప్ విధించినది ఆ కొఱత తీర్చుటకే యని నా నమ్మకము. 2019లో సూర్యాపేటకు ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చినది; అట్టి కళాశాలల వార్డులలోని పెద్దలు ఈ పిల్లలను పరాయివారుగా నెంచక, చేయి పట్టుకొని నేర్పవలెను.

ఆ బాలుని, పరీక్ష నెగ్గక మునుపే, ఒక ప్రైవేటు ఆసుపత్రివారు రాత్రి డ్యూటీకి పిలిచిరి. వలదంటిని. రిజిస్ట్రేషన్ లేక వైద్యము చేసినవారికి 2019 చట్టము ఏడాది వఱకు ఖైదు గాని, అయిదు లక్షల వఱకు జరిమానా గాని, రెండును గాని విధించును. అంతకు మించిన దోషము, నమ్మి వచ్చినవానిని వంచించుట.

పాఠకులారా, మందుల చీటీపై వైద్యుని పేరు క్రింద రిజిస్ట్రేషన్ సంఖ్య ఉండి తీరవలెనని నియమమున్నది. లేనిచో, మొగమాటపడక అడుగుడు.