నివురు చూసి కట్టె వేయాలి

పత్తి ఏరడం అయిపోయాక చేలో మిగిలే కట్టె తెలంగాణ రైతుకు ఏటా ఓ తలనొప్పి. అలాగే వదిలేస్తే గులాబీ రంగు పురుగు అందులో దాక్కుని వచ్చే పంట కోసం కాచుకుంటుంది. కుప్పేసి అంటిస్తే కాసేపట్లో బూడిద. అదే కట్టెను బొగ్గు చేస్తే బరువులో నాలుగో వంతో ఐదో వంతో చేతికి దక్కుతుంది. ఇంట్లో కుంపటికి, చేలో మట్టికి పనికొస్తుంది. లాభం సంగతి అలా ఉంచితే, ఆ చేసే తీరులోని పనితనం చూడదగ్గది.

పాత బొగ్గుబట్టీలో దుంగలు పేర్చి, ఆకులూ మట్టీ కప్పి, గాలి అందీ అందకుండా రోజుల తరబడి మగ్గబెడతారు. మట్టి పగిలినచోటల్లా బొగ్గు బూడిదవుతుంది గనక రాత్రీ పగలూ కాపలా తప్పదు. వేలెడు లావు పత్తికట్టెకు అంత తతంగం అక్కర్లేదు, గరాటు ఆకారంలో ఓ గుంత చాలు. స్విట్జర్లాండ్‌లో ఇతాకా సంస్థవాళ్లు 2014లో కోన్‌టికీ పేరుతో ఇదే ఆకారంలో ఉక్కు బట్టీ చేశారు. నేపాల్ రైతులు దాన్ని నేలలోనే తవ్వుకున్నారు. హైదరాబాద్‌లోని మెట్ట సేద్య పరిశోధన సంస్థ క్రిడా శాస్త్రవేత్తలు 200 లీటర్ల నూనె డ్రమ్ముతో చేసిన బట్టీ కూడా మంచిదే. నా ఓటు మాత్రం గుంతకే. కొనేది లేదు, మోసేది లేదు.

గుంత అడుగున ఎండు పుల్లలు గూడులా పేర్చి పైనుంచి అంటిస్తారు. నిప్పులు పడ్డాక కట్టెను పలచగా ఒక వరస పరుస్తారు. కట్టెలోంచి వచ్చే ఆవిరులు పైకి లేచి మండుతాయి. ఆ మంట పైనుంచి వచ్చే గాలిని తానే వాడేసుకుంటుంది గనక అడుగునున్న నిప్పులకు గాలి చిక్కదు. మంటే మూత. ఇక పనంతా కళ్లదే. పై వరస మీద తెల్లటి నివురు పట్టడం మొదలవగానే తరవాతి వరస పడాలి. తొందరపడి వేస్తే మంట అణిగి పొగ లేస్తుంది, ఆలస్యం చేస్తే బొగ్గు బూడిదవుతుంది. చేయి తిరిగినవాడి గుంత మీద మంట తప్ప పొగ కనపడదు. కట్టె పచ్చిదైతే మాత్రం ఎంతటివాడూ పొగ ఆపలేడు.

గుంత నిండాక నీళ్లు కుమ్మరించాలి. ఇక్కడ బద్ధకిస్తే మొదటికే మోసం. లోపల ఒక్క నిప్పు మిగిలినా తెల్లారేసరికి అంతా తెల్లబడుతుంది. బాగా కాలిన ముక్క విరిస్తే పుటుక్కుమంటుంది, లోపలిదాకా నలుపే. గోధుమరంగు కనిపించిందా, అది కొరివి, మళ్లీ గుంతలోకే.

గట్టి ముక్కలు కుంపటికి ఏరుకోవచ్చు. తలుపులు మూసిన గదిలో మాత్రం రాజేయకూడదు, బొగ్గు నుంచి వచ్చే విషవాయువుకు వాసన ఉండదు. నుసి మట్టికి. దాన్ని పచ్చిగా చల్లితే మొదట్లో నేలలోని నత్రజనిని తానే పట్టేసుకుని మొక్కను పస్తు పెడుతుంది. జీవామృతంలోనో పేడనీళ్లలోనో రెండు వారాలు నానబెట్టి, పశువుల ఎరువుతో కలిపి వేయాలి. తేమా పోషకాలూ నిలవని ఎర్ర చెలకలకు ఇది బాగా నప్పుతుంది. బొగ్గుకు క్షారగుణం ఉంటుంది గనక, ఇప్పటికే చౌడు ఛాయలున్న నల్లరేగడిలో వేసేముందు భూసార పరీక్ష చేయించుకోవాలి.