గుప్పెడు బియ్యం లెక్క

మా అమ్మ పొద్దున్నే ఎసట్లో బియ్యం పోసేముందు గుప్పెడు తీసి వేరే డబ్బాలో వేసేది. ఇంట్లో చాలినా చాలకపోయినా ఆ గుప్పెడు దేవుడిదే. ఆదివారం ఆ బియ్యం గుడికెళ్లేవి. పేటలో ప్రతి ఆడమనిషీ అంతే. పోసేది ఆడాళ్లు, కొలిచేది పెద్దలు.

కొవ్వూరులో గోదారి గట్టున గోష్పాద క్షేత్రం, సంస్కృతం చదివిన పెద్దలు ఒక వైపు. మా పేట, మా గుడి, మా సంఘప్పెద్దలు ఒక వైపు. ఆ వైపు పెద్దరికం గురించి మనం చాలానే రాశాం. ఈ వైపు పెద్దరికం గురించి నేనిప్పుడు రాస్తున్నాను. మాది ఏ మిషనో చెప్పను. ఏ మిషను గుడిలో కూర్చున్నవాళ్లయినా ఇది తమ కథే అనుకోవచ్చు.

ముందు న్యాయంగా చెప్పాల్సింది చెప్తాను. సంఘప్పెద్ద అనే మాట ఒకప్పుడు మాకు బతుకునిచ్చింది. 1836లో బౌడన్, బీర్ అనే ఇద్దరు ఇంగ్లండు నుంచి గోదావరి డెల్టాకొచ్చి నరసాపురం, పాలకొల్లు వైపు పని మొదలుపెట్టారు. వాళ్ల బ్రదరన్ పద్ధతిలో జీతం పాస్టరు ఉండడు. సంఘాన్ని నడిపేది అక్కడి పెద్దలే. రాజమండ్రిలో 1845లో మొదలైన లూథరన్ మిషనుకు పాస్టర్లున్నారు గానీ, ఊరూరా పేటలో రోజువారీ బరువు మోసింది పెద్దలే. దీని అర్థమేంటో ఆలోచించండి. పగలు కామందు ముందు చెప్పులు చేత్తో పట్టుకుని నడిచిన పాలేరు, రాత్రి లాంతరు ముందు గ్రంథం తెరిచి చదివేవాడు. వాడి మాట నలుగురూ వినేవాళ్లు. మా తాత అలాంటి పెద్దే. మొగుడూ పెళ్లాల తగువు, గట్టు తగువు, అప్పు తగువు మునసబు అరుగు దాకా పోకుండా గుడి మెట్ల మీదే తీర్చేవాడు. మాకూ ఒక తీర్పు ఉందనీ, తీర్చే మనిషి మాలోనే ఉన్నాడనీ మొదటిసారి తెలిసింది అక్కడే.

తర్వాత ఏమైంది? పెద్దరికం పొలంలాగా తండ్రి నుంచి కొడుక్కి రావడం మొదలైంది. గుడి స్థలం కాయితాలు, కానుకల పెట్టె తాళం, బాప్తిస్మం రిజిస్టరు ఒకే ఇంట్లో చేరాయి.

ఒక ఏడాది చివరి కూడికలో మా అమ్మ లేచి నిలబడింది. "అన్నగోరూ, ఏడాదంతా మేం పోసిన బియ్యం ఎన్ని బస్తాలయ్యాయి? ఏ ముండమోపి ఇంటికెళ్లాయి? ఒక్కసారి సదివి ఇనిపించండి" అంది. అంతే. దొంగతనమని అనలేదు. లెక్క అడిగింది.

గుడి అంతా నిశ్శబ్దం. "చెల్లెమ్మా, ఆడది సంఘంలో మాట్లాడకూడదని తెలీదా" అన్నారు. పెద్దల మీద నింద వేస్తే ఇద్దరు ముగ్గురు సాక్షులుండాలని పౌలు తిమోతికి రాసిన మాట చదివారు. ఆర్నెల్లు ప్రభువు బల్లకు దూరం పెట్టారు. పక్కింటి వాళ్లు మాతో మాట తగ్గించారు. వెలి అనే మాట ఎవరూ వాడలేదు. మా ముత్తాతల్ని ఊరు చేసిందే, మా అమ్మను గుడి చేసింది.

నేను తర్వాత ఆ పత్రిక తెరిచి చూశాను. సాక్షుల మాట ఉన్నది మొదటి తిమోతి 5వ అధ్యాయం 19వ వచనంలో. 20వ వచనం వాళ్లు చదవలేదు. తప్పు చేసినవాళ్లను అందరి ముందూ గద్దించమని అందులో ఉంది. ఇంకా వెనక్కి, అపొస్తలుల కార్యాలు 6వ అధ్యాయానికి పోతే, యెరూషలేములో మొదటి సంఘంలో వచ్చిన గొడవ కూడా తిండి లెక్కే. గ్రీకు మాట్లాడే విధవరాండ్రకు రోజువారీ వడ్డనలో అన్యాయం జరుగుతోందని సణుగుడు పుట్టింది. అపొస్తలులు సణిగినవాళ్లను వెలెయ్యలేదు. సంఘమంతటినీ పిలిచి, ఏడుగుర్ని మీరే ఎన్నుకోండన్నారు. మా పెద్దలు అధికారం ఏ పుస్తకంలోంచి తెచ్చుకున్నారో అదే పుస్తకం మా అమ్మ వైపు ఉంది.

రిజిస్టరు సంగతీ చెప్పాలి. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదాను హిందువులకే ఇచ్చింది. 1956లో సిక్కులకూ 1990లో బౌద్ధులకూ విస్తరించారు. క్రైస్తవులకు లేదు. మన రాష్ట్రంలో మతం మారిన దళితుడు బి.సి.–సి, ఒక్క శాతం. 2009 నుంచి కొవ్వూరు అసెంబ్లీ సీటు ఎస్సీ రిజర్వుడే, క్రైస్తవుణ్ణని కాయితం మీద చెప్పుకున్న దళితుడు అక్కడ నామినేషను వెయ్యలేడు. అందుకే పేటలో చాలా ఇళ్లకు రెండు పేర్లు, బడిలో ఒకటి, గుడిలో ఒకటి. ఆ రెండో పేరున్న పుస్తకం పెద్ద బీరువాలో ఉంటుంది. "మీ వాడి సర్టిఫికెట్ సంగతి మాకు తెలీదా" అని మెల్లిగా ఒక మాటంటే చాలు, ఆ ఇల్లు నోరు మూసుకుంటుంది. నాది బి.సి.–సి కాబట్టి నా మీద ఆ మంత్రం పారలేదు. ఆ కత్తికి పదును పెట్టింది ప్రభుత్వం. పట్టుకున్నది మనవాడు.

మరి మన సాహిత్యం ఏం చేస్తోంది? పురాణ కథల మీద కావ్యాలు రాశాడని జాషువాను క్రైస్తవ పెద్దలే వెలేశారు. ఆయనే రాసిన 'క్రీస్తు చరిత్ర'కు 1964లో సాహిత్య అకాడమీ అవార్డొచ్చింది. ఇప్పుడు గుళ్లలో ఆయన పేరు గర్వంగా చెప్పుకుంటున్నారు, వెలేసిన సంగతి ఎత్తరు. మనమూ అంతే. కామందు మీద, కరణం మీద, తెల్లదొర మీద కవిత్వం రాశాం. సంఘప్పెద్ద దగ్గరికొచ్చేసరికి కలం ఆగిపోతుంది. మన గుట్టు బయటపెడితే మతోన్మాదులకు ఆయుధమవుతుందని భయం. ఆ భయం ఉత్తదేం కాదు. గుడి మీద రాయి పడితే నేను గుడి వైపే నిలబడతాను. నిలబడి లోపలి లెక్క అడుగుతాను.

మేం మాలలం. 1994లో దండోరా మోగాక కూడా మా గుడి పెద్దల వరసలో ఒక్క మాదిగ లేడు, ఒక్క ఆడమనిషి లేదు. ఊరు మమ్మల్ని ఎందుకు బయట నిలబెట్టిందని అడిగే నోటితోనే ఇదీ అడగాలి. పెద్దల్ని సంఘం ఎన్నుకోవాలి, గడువు పెట్టాలి. లెక్క గుడి గోడకు అంటించాలి. బియ్యం పోసే చేతులు కొలిచేచోట కూడా ఉండాలి.

ఆర్నెల్లయ్యాక మా అమ్మను మళ్లీ బల్లకు పిలిచారు. వెళ్లింది. గుప్పెడు తియ్యడం మాత్రం ఒక్క రోజూ మానలేదు. ఆ ఆర్నెల్లూ డబ్బా నిండినప్పుడల్లా వెనకింటి ముసలామెకు తనే పోసొచ్చింది. ఆమె అడిగిన లెక్క ఇవాళ్టికీ ఎవరూ చదివి వినిపించలేదు.